టోస్ట్‌మాస్టర్స్ సభ్యత్వం: డబ్బు కడితే వచ్చేవి, కట్టినా రానివి

నలుగురి ముందు మాట్లాడటం, నాయకత్వం సాధన చేసుకునే క్లబ్బుల సంస్థ టోస్ట్‌మాస్టర్స్. అందులో చేరదామనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న "అక్కడ ఎవరు నేర్పిస్తారు?" అని. ఎవరూ నేర్పించరు. ఈ సంగతి తెలియక చేరినవాళ్లు మూడో నెలకల్లా మానేస్తారు. తెలిసి చేరినవాళ్లలో కొందరు ఏడాది తిరిగేసరికి ఆఫీసు మీటింగుల్లో వేరే మనుషుల్లా కనిపిస్తారు. ఫీజు ఇద్దరిదీ ఒకటే, క్లబ్ ఒకటే, కూర్చున్న కుర్చీలూ అవే.

కట్టిన డబ్బుకు దక్కేది ఒక గది, ఒక వేదిక, ఒక గడియారం, మీరు మాట్లాడింది విని మొహం మీదే చెప్పే పది పదిహేనుమంది మనుషులు. వారానికోసారో, రెండు వారాలకోసారో కలుస్తారు. దీన్ని వాడుకోవడం తెలిస్తే ఇంత చవకగా ఇంకెక్కడా దొరకదు. తెలియకపోతే దండగ. ఆ తెలియడం అనేది ఇంగ్లీషులోనో తెలివితేటల్లోనో ఉండదు. వాట్సాప్ గ్రూపులో "వచ్చే శనివారం టైమర్‌గా ఎవరు చేస్తారు?" అని అడిగినప్పుడు మీ వేలు ఎటు కదులుతుందన్న దాంట్లో ఉంటుంది.

సంస్థ పాతదే. 1924 అక్టోబరులో అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాంటా అనా ఊళ్లో, వైఎంసీఏ భవనం కింది అంతస్తులో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టాడు. 1973 దాకా ఆడవాళ్లను అధికారికంగా చేర్చుకోలేదు. ఇప్పుడు ప్రధాన కార్యాలయం కొలరాడో రాష్ట్రంలోని ఎంగిల్‌వుడ్‌లో ఉంది, క్లబ్బులు 140కి పైగా దేశాల్లో ఉన్నాయి. లాభాపేక్ష లేని సంస్థ. క్లబ్బులను నడిపేది జీతగాళ్లు కాదు, సభ్యులే. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఐటీ కంపెనీల లోపల నడిచే క్లబ్బులు ఉన్నాయి, బయట ఎవరైనా చేరగలిగే కమ్యూనిటీ క్లబ్బులూ ఉన్నాయి. అమెరికాలో పనిచేసే తెలుగువాళ్లకు ఇది తమ కంపెనీ క్లబ్ ద్వారానే పరిచయమై ఉండొచ్చు.

ఖర్చు లెక్క

కొత్తగా చేరేవాళ్లు ఒక్కసారి కట్టేది 20 డాలర్లు. దానిపైన ఆరు నెలలకు 60 డాలర్లు, అంటే నెలకు 10. ఏప్రిల్ 1న ఒకసారి, అక్టోబరు 1న ఒకసారి రెన్యూవల్. మధ్యలో చేరితే మిగిలిన నెలలకే లెక్కగడతారు. ఆగస్టులో చేరినవాళ్లకు ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలకు 20, చేరిక రుసుము 20, మొత్తం 40 డాలర్లు. మన రూపాయల్లో చూస్తే ఆరు నెలల రుసుమే 5 వేలు దాటుతుంది. ఇది సంస్థకు వెళ్లే భాగం. హాలు అద్దె, టీ, కాగితాల ఖర్చు కింద క్లబ్ వేసుకునేది వేరు, అది ఒక్కో క్లబ్‌లో ఒక్కోలా ఉంటుంది. చేరకముందే "అన్నీ కలిపి ఎంత?" అని ట్రెజరర్‌ను అడగాలి. కంపెనీ క్లబ్ అయితే కొంతో, మొత్తమో యాజమాన్యం భరించే అవకాశం ఉంది. హెచ్‌ఆర్‌ను అడగకుండా జేబులో చెయ్యి పెట్టొద్దు.

ఈ డబ్బులోనే మొదటి "పాత్" వస్తుంది. ఆన్‌లైన్‌లో ఉండే అయిదు లెవెళ్ల పాఠ్యక్రమం అది. ప్రెజెంటేషన్ మాస్టరీ, డైనమిక్ లీడర్‌షిప్ లాంటి పేర్లతో కొన్ని పాత్‌లు ఉంటాయి, ఒకటి ఎంచుకోవాలి. ఏది ఎంచుకోవాలా అని నెల రోజులు తలపట్టుకునేవాళ్లు ఉంటారు. లెవెల్ 1 అన్నింట్లో దాదాపు ఒకటే కాబట్టి అంత ఆలోచన అక్కర్లేదు. అనుమానంగా ఉంటే ప్రెజెంటేషన్ మాస్టరీ తీసుకుని మొదలుపెట్టేయండి. రెండు క్లబ్బుల్లో ఉండాలంటే మాత్రం రెండింటికీ విడివిడిగా కట్టాలి. మొదటి ఏడాది ఆ సరదా వద్దు.

అతిథిగా వెళ్లి చూడటానికి మామూలుగా డబ్బు అడగరు. ఒక్క మీటింగ్ చూసి అక్కడికక్కడే ఫారం నింపమని ఒత్తిడి చేసే క్లబ్ అయితే నవ్వి బయటికి వచ్చేయండి.

మీటింగ్‌లో ఏం జరుగుతుంది

గంట నుంచి రెండు గంటలు పడుతుంది. ముందే సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగాలు రెండో మూడో ఉంటాయి. తర్వాత టేబుల్ టాపిక్స్, అంటే అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్న మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడటం. చివర ప్రతి ప్రసంగానికీ ఒకరు లేచి రెండు మూడు నిమిషాల సమీక్ష చేస్తారు, దీన్నే ఇవాల్యుయేషన్ అంటారు. వీటిని నడపడానికి ఆరుగురు ఉంటారు: సభను నడిపించే ఆ రోజు టోస్ట్‌మాస్టర్, అప్పటికప్పుడు ప్రశ్నలు వేసే టేబుల్ టాపిక్స్ మాస్టర్, మీటింగ్ మొత్తాన్ని సమీక్షించే జనరల్ ఇవాల్యుయేటర్, సమయం చూసే టైమర్, అనవసరపు శబ్దాలు లెక్కపెట్టే ఆ-కౌంటర్, భాష వాడకాన్ని గమనించే గ్రామేరియన్. ముగ్గురు వక్తలు, ముగ్గురు సమీక్షకులను కలిపితే ఒక్క మీటింగ్‌కు 12 మంది కావాలి. ఇరవైమంది సభ్యులున్న క్లబ్‌కు వచ్చేది పన్నెండో పదమూడో మంది అయితే, ఊరికే కూర్చుని చూసి పోయే వెసులుబాటు ఎవరికీ ఉండదు. ఏ ఇద్దరు రాకపోయినా మిగిలినవాళ్లు రెండేసి పనులు చేయాలి. చూసి నేర్చుకుందాం అనుకునేవాళ్లకు ఈ పద్ధతి కష్టంగా ఉంటుంది. అసలు మంచి అంతా అందులోనే ఉంది.

చిన్నదిగా కనిపించే టైమర్ పనినే తీసుకోండి. అయిదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగానికి 5వ నిమిషంలో ఆకుపచ్చ కార్డు, 6వ నిమిషంలో పసుపు, 7వ నిమిషంలో ఎరుపు చూపించాలి. ఆపైన 30 సెకన్లు సడలింపు. 4:30 కంటే ముందే ముగించినా, 7:30 దాటినా ఆ రోజు ఉత్తమ వక్త ఓటింగ్‌కు అర్హత పోతుంది. టేబుల్ టాపిక్స్‌కు 1:00, 1:30, 2:00. సమీక్షకు 2:00, 2:30, 3:00. ఇంతే పని. అయినా ఇందులో చెడేవి చాలా ఉన్నాయి. కార్డు ఒక్కసారి పైకెత్తి దించేస్తారు, వక్త అటు చూసేసరికి అది కనిపించదు. తర్వాతి రంగు వచ్చేదాకా ఎత్తే ఉంచాలి. టైమర్ పక్క వరుసలో కూర్చుంటారు, వక్తకు ఎదురుగా, మధ్యలో కూర్చోవాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెడతారు, సరిగ్గా నాలుగో నిమిషంలో ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టుకోవాలి. ప్రసంగం బాగుంటే వింటూ వింటూ కార్డు చూపించడమే మరిచిపోతారు, ఇది అన్నింటికంటే ఎక్కువ జరిగేది. చివర రిపోర్టు ఇమ్మంటే టైమర్ కూడా ఒక చిన్న ప్రసంగం చేసేస్తారు. పేరు, పట్టిన సమయం, అర్హత ఉందా లేదా, ఈ మూడు చెప్పి కూర్చోవాలి.

ఈ పనిని సరిగ్గా చేసే మనిషి పది నిమిషాలు ముందొస్తాడు, కార్డులు వెనక వరుస దాకా కనిపిస్తున్నాయో లేదో చూసుకుంటాడు, రాసిన కాగితాన్ని మీటింగ్ అయ్యాక సెక్రటరీ చేతిలో పెడతాడు. ఇలా రెండు మూడుసార్లు చేసినవాళ్లను క్లబ్ తనంతట తానే పైకి లాగుతుంది. ఆఫీసుల్లో కూడా ప్రమోషన్ మాటలు మొదలయ్యేది ఇలాంటి పనుల దగ్గరే కానీ అక్కడ ఎవరూ బయటికి చెప్పరు. ఇక్కడ మాత్రం అందరి ముందూ, అదే సాయంత్రం చెప్పేస్తారు.

ఆ-కౌంటర్ పని నవ్వుతాలుగా ఉంటుంది. వక్త నోట్లోంచి వచ్చే అనవసరపు శబ్దాలను లెక్కపెట్టడం. ఇంగ్లీషులో మాట్లాడే మనవాళ్ల జాబితా తెలిసిందే: "సో", "యాక్చువల్లీ", "బేసికల్లీ", "యు నో". తెలుగులో అయితే "అంటే", "ఏంటంటే", "మరి". కారణం ఒక్కటే. నోరు ఒక వాక్యం చెబుతుండగా మనసు తర్వాతి వాక్యం కోసం వెతుకుతూ ఉంటుంది, దొరికేదాకా ఆ ఖాళీని శబ్దంతో పూడ్చేస్తాం. విరుగుడు కూడా ఒక్కటే: వాక్యం పూర్తిచేసి పెదవులు మూసేయడం. మూసిన పెదవుల్లోంచి "అంటే" రాదు. వక్తకు ఆ ఖాళీ అర నిమిషం అనిపిస్తుంది, వినేవాళ్లకు ఒక్క సెకను. అయితే మొదటి రెండు ప్రసంగాలకు ఈ లెక్కను పట్టించుకోవద్దని కొత్తవాళ్లకు చెప్పే క్లబ్బులు మంచివి. "మీరు 43 సార్లు 'ఆ' అన్నారు" అని మొదటి రోజే చదివి వినిపిస్తే మనిషి మళ్లీ రాడు.

టేబుల్ టాపిక్స్ మన అవధానాలు చూసినవాళ్లకు కొత్తగా అనిపించదు. ధారణ కుదరకుండా మధ్యలో అప్రస్తుత ప్రసంగి చేసే అల్లరికి అవధాని బదులు చెప్పే తీరే వేరు. ఇక్కడ అంత పాండిత్యం అక్కర్లేదు, రెండు నిమిషాలు నిలబడితే చాలు. చాలామంది ప్రశ్నను మూడుసార్లు తిప్పి తిప్పి చెబుతూ 40 సెకన్లు గడిపేస్తారు, తర్వాత రెండు వైపులా మాట్లాడి ఎటూ తేల్చకుండా కూర్చుంటారు. పనికొచ్చే పద్ధతి: మొదటి వాక్యంలోనే ఒక పక్షం ఎంచుకోవాలి, దానికి ఒక్క కారణం చెప్పాలి, పేరూ ఊరూ ఉన్న ఒక ఉదాహరణ ఇవ్వాలి, ఆపేయాలి. ఆకుపచ్చ కార్డు వచ్చాక పదిహేను సెకన్లలో ముగించగలిగితే అది మంచి జవాబు. ఎంచుకున్న పక్షం తప్పయినా నష్టం లేదు. తేల్చుకోలేకపోవడమే వినేవాళ్లకు గుర్తుండిపోతుంది.

సమీక్ష తీసుకోవడం, ఇవ్వడం

సభ్యత్వంలో అసలు విలువ ఇక్కడుంది, ఎక్కువ చెడేదీ ఇక్కడే.

మన దగ్గర ఎదుటివాళ్లను మొహం మీద విమర్శించడం మర్యాద కాదు. దాంతో సమీక్షలు మూడింట రెండు వంతులు "చాలా బాగా మాట్లాడారు, ఆత్మవిశ్వాసం కనిపించింది, ఇంకొంచెం కళ్లలోకి చూసి మాట్లాడితే బాగుండేది" దగ్గరే ఆగిపోతాయి. ఈ మూడు ముక్కలు ఏ ప్రసంగానికైనా అతుకుతాయి, అంటే దేనికీ పనికిరావు. మెచ్చుకోలు, సలహా, మళ్లీ మెచ్చుకోలు అనే వరస అందరూ నేర్చుకుంటారు. ఆ వరస తప్పేమీ కాదు, మధ్యలో పెట్టేది చప్పగా ఉండటమే తప్పు. పనికొచ్చే సలహాలో మూడు ఉంటాయి: ఏ క్షణంలో ఏం జరిగింది, దానివల్ల వినేవాళ్లకు ఏమైంది, మళ్లీసారి దాని బదులు ఏం చేయొచ్చు. "మీ నాన్నగారి దుకాణం గురించి చెప్పేటప్పుడు మీరు కాగితం వైపు చూశారు. అప్పటిదాకా మీతో ఉన్న వెనక వరుస అక్కడ తెగిపోయింది. ఆ నాలుగు వాక్యాలు మాత్రం కాగితం లేకుండా చెప్పండి." ఇది విన్నవాళ్లకు ఇంటికెళ్లి చేయడానికి పని దొరుకుతుంది.

ఇలాంటి సమీక్ష రాకపోతే తప్పు సమీక్షకుడి మీదే వేయక్కర్లేదు. ప్రసంగానికి ముందు రోజు ఆయనకు ఫోన్ చేసి ఒక్క విషయం చెప్పండి: "నా చేతులు ఏం చేస్తున్నాయో చూడండి", లేదా "ముగింపు అర్థమైందా లేదా అన్నదే చెప్పండి". ఒక్కటే అడిగితే నిజం చెబుతారు. "ఎలా ఉందో చెప్పండి" అంటే బాగుందని చెబుతారు.

లెవెల్ 1లో వచ్చే ఇవాల్యుయేషన్ అండ్ ఫీడ్‌బ్యాక్ అనే ప్రాజెక్టు ఈ పాఠ్యక్రమం మొత్తంలో బాగా ఆలోచించి పెట్టిన ముక్క. ఒక ప్రసంగం చేయాలి, సమీక్ష తీసుకోవాలి, ఆ సమీక్షలో చెప్పినవి కలుపుకుని మరోసారి ప్రసంగించాలి, ఆపైన ఇంకొకరి ప్రసంగానికి మీరే సమీక్షకులు కావాలి. రెండో ప్రసంగంలో మనిషి నైజం బయటపడుతుంది. కొందరు చెప్పినవన్నీ నోటు పుస్తకంలో రాసుకుని ఒక్కటి ఎంచుకుని దాని మీదే పని చేసి వస్తారు. కొందరు "ఆయనకు నా ప్రసంగం అర్థం కాలేదు" అనుకుని అదే ప్రసంగాన్ని అదే తీరున మళ్లీ చేస్తారు. పాఠ్యక్రమం ప్రకారం ఇద్దరికీ ప్రాజెక్టు పూర్తయినట్టే. సర్టిఫికెట్ చూసి ఎవరు ఎవరో చెప్పలేం. అందుకే ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసేవాళ్లు రెజ్యూమెలో టోస్ట్‌మాస్టర్స్ కనిపిస్తే లెవెల్ ఎంతో అడక్కుండా, "మీకు వచ్చిన సమీక్షల్లో మీరు మార్చుకున్నది ఒకటి చెప్పండి" అని అడగడం తెలివైన పని.

మొదటి ప్రసంగం ఐస్‌బ్రేకర్. నాలుగు నుంచి ఆరు నిమిషాలు, మీ గురించి మీరే. పుట్టింది ఫలానా ఊరు, చదివింది ఫలానా కాలేజీ అని బయోడేటా చదివేస్తారు చాలామంది. ఊరూ కాలేజీ వదిలేసి ఒక్క సంఘటన, ఒక్క అలవాటు, ఒక్క మనిషి గురించి చెబితే ఆరు నిమిషాలూ సరిపోవు. ఇంగ్లీషులో అయితే 500 నుంచి 600 పదాలు రాసుకోవచ్చు. తెలుగులో పదాలు పొడవు కాబట్టి 400 దగ్గర మొదలుపెట్టి గడియారం పెట్టుకుని బయటికి చదివి చూసుకోవాలి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది, ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. మొత్తం బట్టీపడితే ఒక్క వాక్యం జారినా ముందుకు వెళ్లే దారి ఉండదు. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు కంఠతా పట్టి, మధ్యలో వరస మాత్రం గుర్తుంచుకుంటే చాలు. స్లైడ్లు వద్దే వద్దు.

నాయకత్వం ఎక్కడ వస్తుంది

ప్రకటనల్లో "కమ్యూనికేషన్ అండ్ లీడర్‌షిప్" అని రెండూ కలిపి రాస్తారు. వేదిక మీద వచ్చేది మొదటిది మాత్రమే. రెండోది వెనకాల జరిగే పనిలో వస్తుంది, చాలామంది అక్కడి దాకా వెళ్లకుండానే మానేస్తారు.

క్లబ్‌కు ఏడుగురు ఆఫీసర్లు: ప్రెసిడెంట్, విద్య, సభ్యత్వం, ప్రచారం చూసుకునే ముగ్గురు వైస్ ప్రెసిడెంట్లు, సెక్రటరీ, ట్రెజరర్, సార్జెంట్ ఎట్ ఆర్మ్స్. మామూలుగా జులై 1 నుంచి జూన్ 30 దాకా పదవీకాలం. పేర్లు ఘనంగా ఉన్నా చేతిలో అధికారం సున్నా. జీతం పెంచలేరు, ఉద్యోగం తీయలేరు, కనీసం సెలవు కూడా ఆపలేరు. ఒప్పించి, గుర్తుచేసి, మాట నిలబెట్టుకుని చూపించి పని చేయించాలి. మేనేజర్ హోదా అడ్డం పెట్టుకుని పని చేయించడం అలవాటైనవాళ్లకు ఇక్కడ మొదటి నెలలోనే ఊపిరాడదు.

కష్టమైన కుర్చీ విద్య చూసుకునే వైస్ ప్రెసిడెంట్‌ది. ప్రతి మీటింగ్‌కు ఆ 12 పేర్లు నింపాలి. గ్రూపులో "ఎవరైనా చేస్తారా?" అని పెడితే రెండు రోజులు నిశ్శబ్దం, ఇద్దరు బొటనవేలు గుర్తు పెడతారు, అది ఒప్పుకున్నట్టో చదివినట్టో తెలీదు. పని జరిగే పద్ధతి వేరు. కనీసం నాలుగు మీటింగుల షెడ్యూలు ముందే ఒక షీట్‌లో వేయాలి. ఒక్కొక్కరినీ పేరు పెట్టి, విడిగా అడగాలి: "రవిగారూ, 14న గ్రామేరియన్ మీరే, సరేనా?" అవును అన్న మాట వచ్చేదాకా పేరు పక్కన టిక్ పెట్టకూడదు. మీటింగ్‌కు మూడు రోజుల ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి గుర్తుచేయాలి. ఒక్క ప్రసంగమైనా సిద్ధంగా దగ్గర పెట్టుకున్న సీనియర్ ఒకరిని ఆపద్ధర్మంగా ఉంచుకోవాలి. ఆరు నెలలు ఇది సరిగ్గా చేసినవాళ్లకు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పాఠాలు విడిగా చెప్పక్కర్లేదు.

ఇక అటువైపు, అంటే సభ్యుడి వైపు, నాయకత్వాన్ని తూచే క్షణం ఒకటుంది. శుక్రవారం రాత్రి పది గంటలు. రేపు మీ ప్రసంగం. ఆఫీసు పని మీద పడింది, ప్రసంగం సగమే అయింది. మూడు దారులున్నాయి. "సారీ, అర్జెంట్ పని పడింది" అని గ్రూపులో పెట్టి ఫోన్ పక్కన పడేయడం. తన బదులు చేసేవాళ్లను వెతికి, వాళ్లు ఒప్పుకున్నాక ఆ పేరు గ్రూపులో పెట్టడం. సగమైన ప్రసంగాన్నే అయిదు నిమిషాలకు కుదించుకుని వెళ్లి మాట్లాడటం. మొదటి దారి పట్టినవాళ్లను ఎవరూ తిట్టరు, స్వచ్ఛంద సంస్థ కదా. షెడ్యూలులో వాళ్ల పేరు మాత్రం మెల్లగా వెనక్కి జరుగుతుంది. చాలాసార్లు మూడో దారే మంచిది, ఎందుకంటే సగం సిద్ధమైన ప్రసంగంతో వేదిక ఎక్కడం కూడా ఉద్యోగంలో రోజూ అవసరమయ్యే పనే.

ఏ వరసలో పనులు తీసుకోవాలంటే: టైమర్, ఆ-కౌంటర్, గ్రామేరియన్, టేబుల్ టాపిక్స్ మాస్టర్, సమీక్షకుడు, ఆ రోజు టోస్ట్‌మాస్టర్, చివరికి జనరల్ ఇవాల్యుయేటర్. ఈ లోగా మూడు నాలుగు ప్రసంగాలు కూడా చేసేయాలి. ఆఫీసర్ పదవుల్లో సార్జెంట్ ఎట్ ఆర్మ్స్‌తో మొదలుపెట్టడం మేలు. అందరికంటే ముందొచ్చి గది సర్దడం, బ్యానర్ కట్టడం, మైకు చూసుకోవడం, కొత్తవాళ్లను గుమ్మం దగ్గర పలకరించడం. దీన్ని చిన్నచూపు చూసి నేరుగా ప్రెసిడెంట్ కుర్చీ అడిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్ల హయాంలో మీటింగులు పావుగంట ఆలస్యంగా మొదలవుతాయి.

నచ్చనివి

క్లబ్‌కు ఏడాదికి పది లక్ష్యాలు ఉంటాయి. అయిదు పూర్తయితే ఒక గుర్తింపు, ఏడుకు ఇంకోటి, తొమ్మిదికి ఇంకోటి. సభ్యులు లెవెళ్లు పూర్తిచేయడం వీటిలో పెద్ద భాగం. లెక్క జూన్ 30తో ముగుస్తుంది. దాంతో మే, జూన్ నెలల్లో "మీ లెవెల్ 2కి ఒక్క ప్రసంగమే మిగిలింది, ఈ వారమే చేసేయండి" అనే ఫోన్లు మొదలవుతాయి. అలా చేసిన ప్రసంగం లెక్కకు వస్తుంది, మనిషికి రాదు. మీ లెవెల్ మీ వేగంతోనే నడవాలి, క్లబ్ బహుమతి మీ బాధ్యత కాదని మర్యాదగా చెప్పేయొచ్చు.

డిస్టింగ్విష్డ్ టోస్ట్‌మాస్టర్ (డీటీఎం) అనే అత్యున్నత గుర్తింపు కోసం రెండు పాత్‌లు పూర్తిచేయాలి, క్లబ్‌లోనూ, ఒక ప్రాంతంలోని క్లబ్బులన్నీ కలిసిన డిస్ట్రిక్ట్‌లోనూ ఆఫీసర్‌గా పనిచేయాలి, వేరే క్లబ్‌కు మెంటర్‌గానో కోచ్‌గానో సాయపడాలి. నిజంగా చేస్తే చాలా గట్టి శిక్షణ. పేరు చివర మూడు అక్షరాల కోసం చేస్తే అన్నీ అయ్యాక కూడా మనిషి ఎక్కడున్నాడో అక్కడే ఉంటాడు. వీటిలో కునారిల్లుతున్న క్లబ్‌ను నిలబెట్టే కోచ్ పనికి మాత్రం ఎక్కువ మార్కులు వేయాలి. రుసుము కట్టిన సభ్యులు కనీసం ఎనిమిది మంది, వాళ్లలో పాతవాళ్లు ముగ్గురైనా లేకపోతే క్లబ్ సక్రమంగా ఉన్నట్టు లెక్కకాదు. అలాంటి అంచున ఉన్న క్లబ్‌ను ఇరవైమందికి తీసుకెళ్లడం ఏ మేనేజర్‌కైనా పరీక్షే.

ఇంకో లోటు భాష. నిబంధనల ప్రకారం క్లబ్‌ను ఏ భాషలోనైనా నడుపుకోవచ్చు. మన దగ్గర మాత్రం ఇంగ్లీషే రాజ్యమేలుతోంది. ఫలితంగా ఇది ఐటీ ఉద్యోగులకూ ఇంజినీరింగ్ విద్యార్థులకూ పరిమితమైపోయింది. పొదుపు సంఘం లీడర్‌గా యాభైమంది ముందు లెక్కలు చెప్పే మహిళకు, గ్రామసభలో నిలబడే వార్డు సభ్యుడికి ఇది ఎక్కువ పనికొస్తుంది, వాళ్ల దగ్గరికే చేరలేదు. ఇరవైమంది దొరికితే తెలుగు క్లబ్ పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. పాఠ్యక్రమం తెలుగులో లేకపోవడం ఒక్కటే చిక్కు.

ఎవరు చేరకూడదు: వచ్చే వారం ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు, ఇంగ్లీషు వ్యాకరణం మొదటినుంచి నేర్చుకోవాలనుకునేవాళ్లు, వ్యాపారానికి పరిచయాలు కావాలనుకునేవాళ్లు. మొదటి ఇద్దరికీ అమీర్‌పేటలో నెలా రెండు నెలల కోర్సులు నయం. మూడోవాళ్లు మీటింగ్‌లో విజిటింగ్ కార్డులు పంచితే క్లబ్ ఇబ్బంది పడుతుంది.

క్లబ్ ఎంచుకోవడం

సంస్థ వెబ్‌సైటులో ఊరి పేరు కొడితే క్లబ్బుల జాబితా వస్తుంది. మూడింటికి అతిథిగా వెళ్లి చూడండి. ప్రసంగాలు ఎంత గొప్పగా ఉన్నాయో చూడక్కర్లేదు. చెప్పిన సమయానికి మొదలైందా? అజెండా కాగితం మీద ఉన్న పేర్లే వేదిక మీదికి వచ్చాయా, లేక సగం పనులు ఒకే ఇద్దరు చేశారా? సమీక్షలో ఒక్కటైనా ప్రసంగంలోని వాక్యాన్ని పట్టుకుని చెప్పారా? తడబడిన కొత్త సభ్యుడికీ మిగతా వక్తలకు వచ్చినన్ని చప్పట్లు వచ్చాయా? మీటింగ్ అయ్యాక మీతో ఎవరైనా వచ్చి మాట్లాడారా? మొదటి మూడింటికీ "అవును" రాని క్లబ్‌లో, వెనకున్న గోడనిండా రిబ్బన్లు వేలాడుతున్నా చేరొద్దు.

కంపెనీ క్లబ్‌లో ఓ సౌకర్యం ఉంది, ఓ ఇబ్బందీ ఉంది. లిఫ్ట్ దిగితే మీటింగ్, ఖర్చూ తక్కువ. అయితే ఎదురుగా మీ మేనేజర్ కూర్చుంటే సమీక్షలు ఇంకా చప్పబడతాయి. వీలైతే బయటి క్లబ్ మేలు. చిన్న ఊళ్లలో దగ్గర్లో క్లబ్ లేనివాళ్లకు ఆన్‌లైన్ క్లబ్బులు ఉన్నాయి. కెమెరా ఆపేసి పక్కన కూర్చునే అవకాశం ఉన్నచోట సగం మంది అదే చేస్తారు కాబట్టి, ప్రతి మీటింగ్‌లో కెమెరా పెట్టాలన్న నియమం ఉన్న క్లబ్‌ను వెతుక్కోండి.

రెన్యూవల్ మెసేజ్ సెప్టెంబరులోనూ మార్చిలోనూ వస్తుంది. అప్పుడు యూపీఐ యాప్ తెరిచే ముందు గడిచిన ఆరు నెలల షెడ్యూల్ షీట్ తెరిచి మీ పేరు ఎన్నిచోట్ల ఉందో చూడండి. కనీసం నాలుగు ప్రసంగాలు, టైమర్ లాంటి పనులు ఆరు ఉంటే ఆలోచించక్కర్లేదు, కట్టేయండి. పేరు ఉండి పక్కన "క్యాన్సిల్" అని ఉంటే ఈ ఆరు నెలలు ఆగి, తీరిక దొరికాక మళ్లీ చేరొచ్చు, తలుపులు మూయరు. పేరు రాయమని మీరు అడిగినా క్లబ్ అవకాశం ఇవ్వకపోతే మాత్రం వేరే క్లబ్‌కు బదిలీ అడగండి. కట్టిన గడువు మిగిలి ఉన్నంతవరకు సంస్థకు మళ్లీ రుసుము కట్టక్కర్లేదు, కొత్త క్లబ్ తన ఖర్చుల కింద అడిగేది ఏమైనా ఉంటే అది మాత్రం కట్టాలి.